ఆ రెండు పాయింట్లు ఎవరివి

మా అమ్మాయి బాస్కెట్‌బాల్ కోచ్ ఫోన్ చేసి, "ఆదివారం సాయంత్రం టేబుల్ దగ్గర మీరు కూర్చుంటారా సార్?" అని అడిగితే నేను వెంటనే ఒప్పేసుకున్నాను. ఆటోనగర్‌లో క్లచ్ ప్లేట్లు, బ్రేక్ లైనింగులు అమ్ముకునేవాణ్ణి. నన్ను అంతవరకూ ఎవరూ, ఎక్కడా టేబుల్ దగ్గర కూర్చోమని పిలవలేదు. పిల్లల పోటీలకు అతిథిగా పిలుస్తున్నారనుకున్నాను. మా ఆవిడ కూడా అదే అనుకుంది. తెల్లచొక్కా ఇస్త్రీ చేసిచ్చి, "రెండు ముక్కలు మాట్లాడమంటారేమో, ఏదో ఒకటి అనుకుని వెళ్ళండి" అంది. ఆటల వల్ల పిల్లలకు క్రమశిక్షణ అలవడుతుంది, ఓడినా గెలిచినా నవ్వుతూ ఉండాలి, ఇలాంటివి నాలుగు వాక్యాలు బండి మీద వెళ్తూ వల్లె వేసుకున్నాను.

తీరా వెళ్ళాక కోచ్ నా చేతిలో స్టాప్‌వాచ్ పెట్టాడు.

పటమటలో ఒక కల్యాణ మండపాన్ని ఆనుకుని ఉన్న సిమెంటు కోర్టు అది. ఎండకాలం సెలవుల్లో చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలకు ప్రతి ఆదివారం సాయంత్రం సరదాకి మ్యాచ్‌లు పెట్టేవారు. కప్పులూ సర్టిఫికెట్లూ లేవు. ఆడించేవాళ్ళూ జీతాలు లేనివాళ్ళే. అప్పటిదాకా టైము చూసిన ఆయనకు బదిలీ అయిందట. "ఏమీ లేదు సార్, విజిల్ వినిపిస్తే ఆపండి, బంతి చేతిలో పడితే మొదలెట్టండి" అన్నాడు కోచ్. అంతేనా అనుకున్నాను. అతను రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "బాస్కెట్ పడితే మాత్రం ఆపకండి. చివరి రెండు నిమిషాల్లో అయితే ఆపాలి" అన్నాడు. ఎందుకని అడిగేలోపు వెళ్ళిపోయాడు.

టేబుల్ దగ్గర అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చికి కట్టుకున్న తెల్లచీరలోనే వచ్చేది. అందరూ ఆవిణ్ణి సిస్టర్ అనేవారు. నర్సు కనుక అంటున్నారో, చర్చివాళ్ళ పిలుపో నాకు తెలియలేదు. నేనూ సిస్టర్ అన్నాను. ఆవిడ నన్ను బ్రదర్ అంది. స్కోరు షీటు రాయడం, అంకెలున్న అట్టలు తిప్పి బోర్డు మీద పాయింట్లు చూపించడం ఆవిడ పని. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల్లోంచి కోర్టుని చూసే తీరు చూసి, ఈవిడకు అన్నీ తెలుసు, పక్కన కూర్చుంటే చాలనుకున్నాను.

మొదటి రోజే ఆ ధైర్యం పోయింది. ఇద్దరు పిల్లలు ఒకే బంతిని పట్టుకుని గుంజుకుంటున్నారు. రిఫరీ మేడమ్ విజిల్ వేసి, రెండు బొటనవేళ్ళు పైకెత్తి మా వైపు చూపించింది. మా ఇద్దరినీ మెచ్చుకుంటోందనుకుని నేనూ రెండు బొటనవేళ్ళు ఎత్తి చూపించాను. ఆవిడ మళ్ళీ ఎత్తింది. నేనూ మళ్ళీ ఎత్తాను. "ఆపండి సార్! టైము ఆపండి!" అని కోచ్ అవతలి గట్టు నుంచి అరిచేదాకా నాకు తెలియదు, బంతి ఎవరిదో తేలలేదని చెప్పడానికి ఆ సైగ అని. సిస్టర్ వైపు చూశాను. ఆవిడ బొటనవేళ్ళు కూడా టేబుల్ మీద సగం లేచి ఉన్నాయి.

విజిల్ సంగతి ఇంకా ఘోరం. పక్కనున్న కల్యాణ మండపంలో ముహూర్తం ఉందంటే అక్కడి వాచ్‌మన్ కార్లు పెట్టించడానికి విజిల్ వేస్తాడు. అతను వేస్తే నేను గడియారం ఆపేవాణ్ణి. మేడమ్ వేసినప్పుడు వాచ్‌మన్‌దే అనుకుని ఊరుకునేవాణ్ణి. ఒక క్వార్టర్ పది నిమిషాలంటారు గానీ, నా చేతుల్లో అది ఒక్కోసారి ఎంతసేపు నడిచిందో ఆ భగవంతుడికే తెలియాలి. మా అమ్మాయి ఇంటికెళ్ళాక, "నాన్నా, నీ టైములో ఆడితే కాళ్ళు పడిపోతున్నాయి" అనేది.

మానేద్దామని రెండుసార్లు అనుకున్నాను. కానీ ఆదివారం నాలుగయ్యేసరికి చొక్కా మార్చుకునేవాణ్ణి. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

నేను చెప్పాలనుకున్నది పామర్రు జట్టు వచ్చిన రోజు సంగతి. పిల్లల్ని ఒక మినీ వ్యానులో తీసుకొచ్చారు. వాళ్ళతోపాటు పంచె కట్టుకున్న ఒక పెద్దాయన దిగాడు. వాళ్ళ జట్టులో అందరికన్నా చిన్నపిల్లకి తాతయ్య. మనవరాలి ఆట చూడ్డం ఆయనకదే మొదటిసారి. కుర్చీ తెచ్చుకుని సరిగ్గా మా టేబుల్ వెనకాలే వేసుకుని, "ఇక్కడైతే అన్నీ తెలుస్తయ్యి గదండీ" అన్నాడు. తెలుస్తాయని నేనెలా చెప్పను! నవ్వాను.

ఆ పిల్లని మొదటి సగంలో ఆడించలేదు. తాతయ్య మాత్రం పిల్ల బెంచీ మీద కూర్చున్నా ఆ పిల్లనే చూస్తూ ఉన్నాడు. మా వైపు జట్టుకి ఆ రోజు మా అమ్మాయి కెప్టెన్. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మార్చుకుంటాయి. అంతవరకు మండపం వైపు బాస్కెట్‌లో వేసినవాళ్ళు ఆ తర్వాత రోడ్డు వైపు బాస్కెట్‌లో వెయ్యాలి. అదెందుకో కూడా నాకు తెలియదు. ఎండ కళ్ళలో పడుతుందని కాబోలు.

మూడో క్వార్టర్లో ఆ చిన్నపిల్లని దింపారు. సరిగ్గా అప్పుడే పక్కన పెళ్ళికొడుకు ఊరేగింపు వచ్చి బ్యాండు మోగడం మొదలైంది. ఎవరో వేసిన బంతి రింగుకి తగిలి ఎగిరి, తిన్నగా ఆ పిల్ల చేతిలో పడింది. ఎదురుగా బాస్కెట్. చుట్టూ ఎవరూ లేరు. వాళ్ళ జట్టు పిల్లలు చేతులూపుతూ ఏదో అరుస్తున్నారు. బ్యాండులో ఏమీ వినపడలేదు. మా పిల్లలు అడ్డం పోలేదు, నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఆ పిల్ల మోకాళ్ళు వంచి, నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని బంతిని పైకి విసిరింది. రింగుకి కూడా తగలకుండా బంతి వలలోంచి జారింది. ఆ వేసవిలో నేను చూసినవాటిలో అంత చక్కగా పడిన బంతి ఇంకోటి లేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తాతయ్య కుర్చీలోంచి లేచి నా భుజం పట్టుకుని ఊపేశాడు. "మా పిల్లేనండీ! మా పిల్ల!"

"బ్రదర్, ఎవరికి వెయ్యాలి?" అంది సిస్టర్, పెన్ను గాల్లో ఆపి.

"వాళ్ళ పిల్లే కదండీ వేసింది. వాళ్ళకే."

సిస్టర్ పామర్రు వైపు అట్టలు రెండు పాయింట్లు తిప్పింది. అప్పుడు మేడమ్ విజిల్ వేస్తూ పరుగెత్తుకొచ్చింది. నేను గడియారం ఆపాను. ఈసారి మాత్రం సరిగ్గానే ఆపాను.

"అది వాళ్ళు వెయ్యాల్సిన బాస్కెట్ కాదు సిస్టర్. సొంత బాస్కెట్‌లో వేసుకుంది. పాయింట్లు అవతలి జట్టుకి వెళ్తాయి."

సిస్టర్ అట్టలు వెనక్కి తిప్పి, మా వైపున రెండు పెంచింది. "మరి షీటులో ఎవరి పేరు రాయనండీ? అవతలివాళ్ళు ఎవరూ వెయ్యలేదుగా?"

"కెప్టెన్ పేరు మీద రాయండి."

కెప్టెన్ అంటే మా అమ్మాయి.

తాతయ్య ఇదంతా నా వీపు వెనక నిలబడి విన్నాడు. ముందుకొచ్చి టేబుల్ మీద రెండు చేతులూ ఆనించాడు. కోపంగా లేడు. ఆయన ముఖంలో ఉన్నది నేను అద్దంలో రోజూ చూసుకునే అయోమయమే.

"ఏంటమ్మా, ఏసింది మా పిల్ల గదా?"

"అవునండీ" అంది మేడమ్.

"పడిందా, లేదా?"

"పడిందండీ. కానీ అటువైపు వెయ్యకూడదు."

"ఎయ్యకూడదంటే తీసెయ్యండి. ఉంచితే మా పిల్లకి ఉంచండి. ఆ చివర్న నుంచున్న పిల్లకి ఇస్తారేంటి? ఆ పిల్ల బంతిని ముట్టుకుందా అసలు?" అని మా అమ్మాయిని చూపించి నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి బాబూ. పెద్దమనిషిలా ఉన్నారు."

ఆ పిల్ల మా అమ్మాయేనని ఆయనకు తెలియదు. చెప్పాలా వద్దా? చెబితే కావాలనే వేయించుకున్నానంటాడు. చెప్పకపోతే తర్వాతైనా తెలుస్తుంది. పైగా ఆయన అడిగిన ప్రశ్న నాకు న్యాయంగానే కనిపించింది. "రూలు అలాగే ఉందటండీ" అన్నాను. "ఎందుకుందో నాకూ తెలియదు. ఆ పిల్ల మా అమ్మాయేనండీ."

ఆయన నన్నూ, కోర్టునూ మార్చి మార్చి చూశాడు. "మీకూ తెలవదా?"

"తెలియదండీ."

ఆ మాటకి ఆయనకి ఎందుకో కొంచెం ఊరట కలిగినట్టుంది. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఈలోగా మా అమ్మాయి వచ్చింది. "నాన్నా, నా పేరు మీద రాశారంట. నేను వెయ్యలేదు. తీసెయ్యమను."

"తీయడానికి లేదమ్మా" అంది మేడమ్. మా అమ్మాయి బుంగమూతి పెట్టుకుని వెళ్ళిపోయింది. వేసినవాళ్ళు నాకు కావాలంటున్నారు, వచ్చినవాళ్ళు నాకొద్దంటున్నారు. సిస్టర్ మా అమ్మాయి పేరు పక్కన రాసి పెన్ను మూత పెట్టింది.

ఆట మళ్ళీ మొదలైంది. ఆ పిల్లకి ఎవరైనా చెప్పారా లేదా అని చూస్తూ కూర్చున్నాను. వాళ్ళ కోచ్, ఏడుస్తుందని కాబోలు, ఏమీ అనకుండా వెన్ను తట్టి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ పిల్ల నవ్వుతూనే ఉంది. పక్కనున్న పిల్లలు మాత్రం నవ్వడం లేదు. ఎందుకు నవ్వడం లేదో తెలియక, వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తోంది.

మ్యాచ్ మా వాళ్ళే గెలిచారు, ఇరవైనాలుగు, ఇరవైమూడు. ఒక్క పాయింటు. టైము అయిందని నేను హారన్ కొట్టగానే మా పిల్లలు ఎగరలేదు. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. గెలిచామని చెప్పుకోవచ్చో లేదో వాళ్ళకూ అర్థం కాలేదు.

అందరూ నీళ్ళ డబ్బా దగ్గరికి వెళ్తుంటే ఆ పిల్ల టేబుల్ దగ్గరికొచ్చింది. "ఆంటీ, నాకు రెండు పాయింట్లు రాశారా?"

సిస్టర్ నన్ను చూసింది. ఎన్ని జబ్బులు, ఎన్ని చావులు ఇళ్ళవాళ్ళకి చెప్పిన మనిషో! ఆ ఒక్క ముక్క చెప్పలేక నన్ను చూస్తోంది. తాతయ్య కూడా లేచి వచ్చి మనవరాలి వెనక నిలబడ్డాడు. ఆయనా నన్నే చూస్తున్నాడు.

"నువ్వు వేసిన బాస్కెట్ లెక్కలోకి వచ్చిందమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. "కాకపోతే సగం అయ్యాక వైపులు మారతాయి కదా, నువ్వు అటువైపు వేశావు. అందుకని ఆ రెండూ వీళ్ళకు వెళ్ళాయి."

ఆ పిల్ల వెనక్కి తిరిగి కోర్టు ఆ చివరా ఈ చివరా చూసింది. ఏడ్చేస్తుందనుకున్నాను. తాతయ్య గబగబా, "అయితే ఏంటంట? పడిందిగా! వీళ్ళు గెలిచింది ఎవరి వల్లంటా? నీ వల్లే" అన్నాడు. ఆయన ఓదారుస్తున్నాడో, నిజంగానే గర్వపడుతున్నాడో నాకు తెలియలేదు. ఆ పిల్లకీ తెలిసినట్టు లేదు. ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని వ్యానెక్కింది.

ఆ రాత్రి మా అమ్మాయి అన్నం తిని లేచింది. చేయి కడుక్కుంటూ, "నేనైతే మళ్ళీ బాల్ ముట్టుకునేదాన్ని కాదు నాన్నా" అంది. ఆ పిల్ల ఇక రాదేమోనని నాక్కూడా దిగులేసింది. అలాంటి పని మా పిల్ల చేసి ఉంటే ఏం చెప్పేవాణ్ణని చాలాసేపు ఆలోచించాను.

రెండు ఆదివారాల తర్వాత పామర్రు వ్యాను మళ్ళీ వచ్చింది. ముందు తాతయ్య దిగాడు, వెనకాలే ఆ పిల్ల. నా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. తాతయ్య నన్ను చూడగానే, "బావున్నారా బాబూ" అని పలకరించి కుర్చీ అక్కడే వేసుకున్నాడు. ఆట మొదలైన దగ్గర్నుంచీ ప్రతిదానికీ ఇదేంటండీ, అదేంటండీ అని అడుగుతూనే ఉన్నాడు. నేను చెబుతూనే ఉన్నాను. నేను చెప్పినవాటిలో సగమైనా నిజమో కాదో.

రెండో సగంలో ఆ పిల్ల దిగింది. బంతి చేతికి రాగానే పరుగెత్తలేదు. ఆగి, టేబుల్ వైపు, నా వైపు చూసింది. కళ్ళతోనే అడిగింది. టేబుల్ దగ్గర కూర్చున్నవాడు ఆడేవాళ్ళకు దారి చూపించవచ్చా? అలాంటి రూలు ఏదైనా ఉందేమో, ఉండే ఉంటుంది, ఎవరినీ అడగలేదు. గడ్డం రోడ్డు వైపుకి తిప్పాను. ఆ పిల్ల అటే పరుగెత్తి, మోకాళ్ళు వంచి, నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని విసిరింది. బంతి రింగు చుట్టూ తిరిగి బయటపడింది.

"పడలేదు" అన్నాడు తాతయ్య. నా చెవి దగ్గరికి వంగి, "వైపు మటుకు కరెక్టే గదండీ?" అన్నాడు.

"కరెక్టేనండీ" అన్నాను. అని, ఎందుకైనా మంచిదని సిస్టర్ వైపు చూశాను. ఆవిడ నా వైపే చూస్తోంది.