పద్దెనిమిది అడుగుల టేకు బెంచీ

1959 జూన్‌లో నన్ను ఓవర్‌సీరుగా ఆదిలాబాద్ జిల్లా లక్సెట్టిపేటకు వేశారు. గోదావరి ఒడ్డున అధికారుల విడిదికి కడుతున్న బంగళా పని చూడడం నా వంతు. మా శాఖలో ఓవర్‌సీరు పైన అసిస్టెంట్ ఇంజనీరు, ఆయన పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అందరి పైన సూపరింటెండింగ్ ఇంజనీరు. ఓవర్‌సీరు కింద ఎండ ఉంటుంది.

బంగళా నక్షా గీసిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు విదేశంలో చదివి వచ్చినవారు. నడుమ గోడలు లేకుండా అంతా ఒకే హాలు పెట్టారు. సామాను తక్కువ ఉండాలి, నగిషీ వద్దు, వార్నిష్ వద్దు, నూనె రుద్దితే చాలు అన్నారు. పచ్చని చెట్టు కొట్టవద్దని, గాలివానకు పడిన టేకు దుంగ ఒకటి అడవి డిపో నుంచి తెప్పించారు. మెట్‌పల్లి వడ్రంగి ఓదెలు రెండు నెలల్లో అందులోంచి మూడే వస్తువులు తీశాడు: పద్దెనిమిది అడుగుల బెంచీ, మోకాలెత్తు బల్ల, ఒక అలమర. ఒక్క మేకు కొట్టలేదు, చెక్కలో చెక్క దూర్చి బిగించాడు. ఆ బెంచీ మీద చెయ్యి పెడితే తీయబుద్ధి అయ్యేది కాదు.

నవంబరులో సూపరింటెండింగ్ ఇంజనీరు తనిఖీకి వచ్చారు. హాలంతా కలయజూసి, "నా కుర్చీ ఏది?" అన్నారు.

మా శాఖలో చేతుల కుర్చీ పెద్దలకు, చేతులు లేనిది అసిస్టెంట్ ఇంజనీరుకు, స్టూలు నాకు. బెంచీ వరండాలో బంట్రోతులకు. పెద్దాయన బెంచీ మీద కూర్చుంటే అదే చెక్క మీద మేము కూర్చోకూడదు. ఆయన ఒక్కరే కూర్చుంటే బంట్రోతులా కనిపిస్తారు. కాబట్టి ఎవరమూ కూర్చోలేదు. రెండు గంటల సమీక్ష నిలబడే జరిగింది. బల్ల మరీ పొట్టిది గనుక సంతకాలకు ఒక్కొక్కరే మోకాళ్ల మీద వంగారు. గుమ్మంలోంచి చూస్తే అలమరకు పూజ చేస్తున్నట్టుంది.

వారం తిరక్కుండా హుకుం వచ్చింది: బెంచీని నాలుగు ముక్కలుగా కోసి, హోదాను బట్టి నాలుగు ఎత్తుల్లో అమర్చాలి. గడువు పదిహేను రోజులు. తప్పితే నా సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా పడుతుంది.

ఓదెలు రంపం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నేను కోయ సారూ. కోయాల్నంటె నువ్వే కొయ్యి."

రంపం బెంచీ అంచున ఆనించాను. నాకూ చేతులు రాలేదు.

చివరికి అతనే అన్నాడు: "గాయనకు కావాల్సింది ఎత్తే గదా? దూది పెట్టుండ్రి."

నాలుగు మెత్తలు కుట్టించాం. పెద్దాయనకు జానెడు మందం, ఎగ్జిక్యూటివ్‌కు బెత్తెడు, అసిస్టెంటుకు రెండు వేళ్లు, నాకు ఒక వేలు. గడువు నాటికి పెద్దాయన వచ్చి జానెడు మెత్త ఎక్కారు. మనిషి పొట్టి, కాళ్లు గాలిలో వేలాడాయి. అయినా ముఖంలో తృప్తి కనిపించింది. మేమంతా వరుసగా కిందికి దిగుతూ కూర్చున్నాం.

భోజనాలయ్యాక నది గాలి వచ్చింది. ఆపడానికి గోడల్లేవు. పెద్దాయన మెల్లగా పక్కకు ఒరిగారు. ఎగ్జిక్యూటివ్ లేచారు. ఇంకొంచెం ఒరిగారు. అసిస్టెంటు లేచాడు, నేనూ లేచాను. ఆయన నిండుగా చాపుకుని పడుకున్నారు. మేము మళ్లీ రెండు గంటలు నిలబడ్డాం.

పెద్దాయన లేచి, "దీన్ని కోయకుండ్రి" అన్నారు.

అయితే రాతపూర్వకమైన హుకుం రద్దు కావాలంటే కారణం రాయాలి. పెద్దాయన నిద్రపోయారని ఎవరు రాస్తారు? ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఆలోచించి, సదరు వస్తువు మంచమనీ, పొరపాటున బెంచీగా నమోదైందనీ రాశారు. సామాను రిజిస్టరులో నేను దిద్దాను. కోయవలసిన బెంచీ లేదు గనుక హుకుం చెల్లదు. మూడు కుర్చీలు, నాకో స్టూలు వేరే వచ్చాయి.

సంగతి చెప్తే ఓదెలు బెంచీని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "మంచమా? పద్దెనిమిది అడుగుల మనిషి ఎవలు సారూ?"

ఆ ప్రశ్న తనిఖీకి వచ్చినవాళ్లెవరూ అడగలేదు. హాలు గీసేటప్పుడు గాలి దారితో పాటు ఎవరి ముందు ఎవరు కూర్చుంటారో కూడా చూసుకోవాలని నాకు తెలిసింది. ఒక వస్తువును నరకకుండా కాపాడాలంటే దాని గుణం గురించి వాదించనక్కర లేదనీ, రిజిస్టరులో పేరు మారిస్తే చాలనీ తెలిసింది. రిటైరయ్యేలోగా ఈ రెండో పాఠం ఇంకో మూడుసార్లు వాడుకున్నాను.