మిద్దె మీది కుప్పం బస్సు

మదనపల్లె బస్టాండులో కుప్పం బస్సు నిలిచే చోటికి ఎదురుగా ఒకామె బాణలి పెట్టుకుని నిప్పట్లు కాలుస్తూ ఉంటుంది. బియ్యప్పిండిలో వేరుశెనగ పలుకులు, కారం, కరివేపాకు కలిపి పల్చగా తట్టి నూనెలో వేయగానే లేచే ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, కాలేజీకి పోతున్న నేను మళ్లీ ఏడో తరగతి పిల్లనై మా మిద్దె మీద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటాను.

కరోనా వచ్చి ఊరంతా మూతపడిన ఎండాకాలం అది. నాన్న తల్లి, మా అవ్వ, నాలుగు రోజులు ఉండి పోదామని రెండు చీరలతో కుప్పం నుంచి వచ్చి మా ఇంట్లో ఇరుక్కుపోయింది. తాత మాత్రం ఆవును వదిలి రాలేక అక్కడే ఉండిపోయాడు. బట్టల కొట్టు మూసేయడంతో నాన్న ఇంటిపట్టునే ఉన్నాడు. నేనూ, ఆరేళ్ల తమ్ముడూ కొట్టుకుని చస్తుంటే చూడలేక, పిల్లలను ఆడించే మార్గాల కోసం పొద్దస్తమానం ఫోనులో వెతికేవాడు. అందులో రాసేవాళ్లు ఏ లోకంలో ఉన్నారో గానీ, రంగు కాగితాలు తెమ్మనేవాళ్లు, పార్కుకు తీసుకుపొమ్మనేవాళ్లు. కొట్లు లేవు, పార్కుకు తాళం. మిద్దె ఎక్కితే దూరంగా హార్స్‌లీ కొండలు కనిపించేవి, అంతే మా విహారం.

చివరికి దారి చూపింది అవ్వే. సాయంత్రం ఎండ తగ్గాక మిద్దె మీద కుర్చీలు వరుసగా వేయించి, జల్లెడను స్టీరింగుగా నాన్న చేతికిచ్చి, కుప్పం బస్సు కదిలించమంది. తమ్ముడు కండక్టరు. పాత క్యాలెండరు చింపి టికెట్లు ఇచ్చేవాడు, చిల్లర లేదని అమ్మతో రోజూ తగువు పెట్టుకునేవాడు. పుంగనూరు దాటేటప్పుడు, చంకనెత్తుకునేంత పొట్టి పుంగనూరు ఆవు కిటికీలోంచి కనిపించిందని ఒట్టు పెట్టుకుని మరీ అబద్ధం చెప్పేవాడు. పలమనేరు వచ్చిందనగానే చలిగాలి కొడుతోందని అవ్వ, కాళ్లు కాలే ఆ మిద్దె మీద, కొంగు చెవులకు చుట్టుకునేది. అక్కడ డబ్బా మూత తీసి, పొద్దున తాను కాల్చిన నిప్పట్లు అందరికీ పంచేది. ఇంటికి వట్టి చేతులతో పోకూడదని తాత వాటా గుడ్డసంచిలో పెట్టి ఒళ్లో ఉంచుకునేది.

కానీ మా బస్సు ఏ రోజూ కుప్పం చేరలేదు. వి.కోట దాటగానే అవ్వ నిలిపేయించేది. మొదటిరోజు తమ్ముడు ఇల్లు రావాల్సిందేనని ఏడుపు అందుకుంటే దగ్గరికి లాక్కుని చెప్పింది.

“ఉత్తుత్తికి ఇల్లు సేరితే, నిజంగా సేరేది తప్పిపోతాది నాయనా. ఈడికే సాలు.”

ఆమె ఎంత గట్టిగా నమ్మిందంటే మేమూ నమ్మాం. కిందికి దిగి తాతకు ఫోను చేసి, ఈరోజు వి.కోట దాకా వచ్చామని చెప్పేవాళ్లం. ఆయన నవ్వి, ఇంకెంత దూరం, గడప దగ్గరే కూర్చుని ఉన్నానులే అనేవాడు. ఆ తర్వాత తాత వాటా మేమే తినేవాళ్లం. ఎంత రుచిగా ఉండేవో.

రెండో నెలలో తాతకు జ్వరం వచ్చింది. పక్కింటివాళ్లు ఫోను చేసి ఆస్పత్రికి తీసుకుపోయారని చెప్పారు. నాన్న ఊరు దాటే పాసు కోసం తిరుగుతూనే ఉన్నాడు. ఒక పొద్దున మళ్లీ ఫోను వచ్చింది, తాత పోయాడని. పాసు చేతికి వచ్చేలోపే అక్కడివాళ్లు తాతను పూడ్చేశారు కూడా. అవ్వ ఆయన ముఖం చూడలేదు, మట్టి వేయలేదు. పగలంతా గోడకు ఆనుకుని ఊరికే కూర్చుంది.

సాయంత్రం తానే మిద్దె ఎక్కి కుర్చీలు వేసింది. ఒళ్లో గుడ్డసంచి, అందులో ముందురోజు తాత కోసం తీసిపెట్టి, ఆయనకు ఫోను చేయలేక మేం తినకుండా ఉంచేసిన నిప్పట్లు. మేమంతా వెనకే వెళ్లి ఎవరి చోట్లో వాళ్లం కూర్చున్నాం. తమ్ముడు టికెట్లు ఇవ్వలేదు. పుంగనూరులో ఆవు కనిపించలేదు. వి.కోట దాటాక నాన్న జల్లెడ పట్టుకుని ఆగిపోయాడు.

“ఈ పొద్దు ఇంటి దాకా పోనీయప్పా,” అంది అవ్వ.

నాన్న పోనిచ్చాడు. ఏడుస్తూ, మలుపు మలుపుకూ జల్లెడ తిప్పుతూ పోనిచ్చాడు. కుప్పం వచ్చింది. అవ్వ చెప్పులు విడిచి కుర్చీలోంచి దిగి, పిట్టగోడ దగ్గర సంచి పెట్టి, చాలాసేపు అక్కడే నిలబడింది. తర్వాత సంచి తెచ్చి మా చేతుల్లో పెట్టింది.

“మీ తాతకు పెట్టేసినా. మిగిలిండేది మీరు తినండి.”

తలా ఒకటి తీసుకుని తిన్నాం.

బస్సులు తిరగడం మొదలయ్యాక ఊరికి పోదాం రమ్మని నాన్న ఎంత బతిమాలాడో. ఒకతూరి దిగినాను గదప్పా, ఇంక మళ్లా పోయేది యాల అనేది. ఆవును ఎవరికో ఇచ్చేశారు, ఇల్లు అమ్మేశారు. అవ్వ మా ఇంట్లోనే ఉండి, పోయిన ఏడాది తాత దగ్గరికి వెళ్లిపోయింది. జల్లెడ ఇంకా వంటింట్లో ఉంది. ఎర్ర కుర్చీలు ఎండకు పెళుసెక్కి ఒక్కొక్కటే విరిగిపోయాయి.

నిన్న బస్టాండులో నిప్పట్లు కొనుక్కుని కుప్పం బస్సు ఎక్కాను. పలమనేరులో నిజంగానే చలిగాలి వచ్చింది. వి.కోట దాటాక నిప్పట్ల సంచి ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా ఇక్కడికి చాలు అంటారేమోనని చూశాను. బస్సు ఆగకుండా పోయింది.