పల్లవికీ అనుపల్లవికీ మధ్య దగ్గు

ఇంటర్‌లో లెక్కలు పోయిన సంవత్సరం నన్ను మహబూబ్‌నగర్‌లోని సంగీత నృత్య కళాశాలలో చేర్పించారు. బాపు ఆర్టీసీలో కండక్టర్. పాటలు కూడా సర్కారు నేర్పిస్తుందని ఆయన బస్సెక్కిన ఎవరో ప్రయాణికుడు చెప్పాడట. "గాడ లెక్కలు ఉండవంట" అన్నాడు బాపు ఇంటికొచ్చి. ఆయన అడిగి తెలుసుకున్న సంగతి అదొక్కటే. తాళమంటే లెక్కలేనని అప్పటికి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

కళాశాల ఒక కిరాయి ఇంట్లో సాయంత్రాలు నడిచేది. ముందు గదిలో నాట్యం, వెనక గదిలో గాత్రం, వసారాలో మృదంగం. గోడ పక్కనే పిండి గిర్ని. అది ఒకే స్థాయిలో మోగుతుంది కాబట్టి మేమంతా తెలియకుండానే దాని శ్రుతిలో పాడేవాళ్లం. కరెంటు పోతే గిర్ని ఆగేది, మా శ్రుతీ దిగిపోయేది. ప్రిన్సిపాల్ ఈ ఇబ్బంది గురించి పైఅధికారులకు రాశారు. గిర్ని ఏయే వేళల్లో నడుస్తుందో కనుక్కోమని వాళ్లు జవాబిచ్చారు.

గాత్రం సారు గోదావరి వైపు మనిషి. బదిలీ మీద వచ్చి, కుటుంబాన్ని అక్కడే ఉంచి, స్టేషన్ దగ్గర ఒక గదిలో ఒంటరిగా ఉండేవారు. సన్నటి మనిషి. ఎప్పుడూ ఉతికిన తెల్ల లాల్చీలో కనిపించేవారు. మా మాట ఆయనకు సగం అర్థమయ్యేది, ఆయన మాట మాకు సగం. పాట దగ్గర మాత్రం ఆ ఇబ్బంది లేదు. ఆయన పద్ధతి ఒక్కటే.

"నేనెలా పాడితే అలా పాడండర్రా. ఒక్కటి కలపొద్దు, ఒక్కటి తీయొద్దు."

మా తరగతిలో ఒక దర్జీ బిడ్డ ఉండేది. వాళ్ల అబ్బా నాట్యం పిల్లల దుస్తులు కుట్టేవాడు. కొలతలు తీసుకోవడానికి తండ్రి వెంట వచ్చి, వెనక గదిలో పాట విని, మరునాటి నుంచి అక్కడే కూర్చుంది. విన్నది విన్నట్టు పాడగలదు. మేమంతా సారును వదిలి ఆమెను చూసి పాడేవాళ్లం.

సారుకు దగ్గు ఉండేది. ఆ ఏడు నేర్పిన పెద్ద కృతిలో పల్లవి ముగించి అనుపల్లవి అందుకునే ముందు ఆయన దగ్గేవారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎప్పుడూ అక్కడే. పల్లవి చివర పైకి వెళ్లి దిగేసరికి ఆయనకు ఊపిరి చాలేది కాదని మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం దర్జీ బిడ్డ ఆ దగ్గును కూడా నేర్చుకుంది. ఆమె దగ్గింది కాబట్టి మేమూ దగ్గాం. కొన్నాళ్లకు తాళంలో దానికొక చోటు కుదిరింది. వసారాలో మృదంగం నేర్చుకునే అతను పొడుగు దగ్గుకొక దెబ్బ, పొట్టి దగ్గుకొక దెబ్బ వేయడం మొదలుపెట్టాడు. వినడానికి బాగానే ఉండేది. సారు సరిగ్గా అదే సమయంలో తానూ దగ్గుతుండటం వల్ల మా దగ్గు ఆయనకు వినిపించలేదు.

పరీక్షకు హైదరాబాద్ నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. మేమంతా గోడ వెంట కూర్చున్నాం. సారు తలుపు దగ్గర కుర్చీలో ఉన్నారు. మొదట నన్ను పిలిచారు. పల్లవి పాడాను, దగ్గాను. ఆవిడ తన ముందున్న నీళ్ల గ్లాసు నా వైపు జరిపారు. పరీక్షలో అదీ ఒక భాగమేమో అనుకుని తాగి, అనుపల్లవి పాడాను. నా తర్వాతి అమ్మాయి కూడా అక్కడే దగ్గింది. ఆవిడ మళ్లీ నీళ్లు తెప్పించారు. ఆ తర్వాత దర్జీ బిడ్డ వంతు. ఆమె అందరికంటే బాగా పాడింది, అందరికంటే బాగా దగ్గింది.

"ఈ ఊరి నీళ్లు పడట్లేదా అమ్మా మీకు?" అని అడిగారావిడ.

"నీళ్లు మంచిగనే ఉన్నయి మేడం."

"మరి ఆ దగ్గేమిటి?"

"గా దగ్గు పాటల్నే ఉన్నది మేడం."

ఆవిడ సారు వైపు తిరిగి, "మీరొకసారి పాడండి" అన్నారు. సారు పాడారు. పల్లవి ముగిసింది. గదిలో ఆయనొక్కరే దగ్గారు. దగ్గి, అనుపల్లవి అందుకోబోయి ఆగిపోయారు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నారావిడ.

"ఏది?" అన్నారు సారు.

మేమందరం పాసయ్యాం.

మరునాడు సారు కళాశాలకు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. దర్జీ బిడ్డా నేనూ ఆయన గదికి వెళ్లాం. చాప మీద కూర్చుని ఉన్నారు. మమ్మల్ని కూర్చోమనలేదు.

"ఏడాదంతా నన్ను వెక్కిరించారన్నమాట."

దర్జీ బిడ్డకు కోపం వచ్చింది. "ఎక్కిరిచ్చుడు గాదు సార్. ఒక్కటి గూడ తియ్యొద్దని మీరే జెప్తిరి గద. అది దగ్గని నాకేమెర్క? మా ఇంట్ల గీ పాటలు ఎవలన్న పాడిన్రా?" అంటూనే ఏడ్చేసింది.

సారు ఆమెను చూసి నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. ఇంటి యజమానురాలు చెంబుతో నీళ్లు తీసుకుని పరుగెత్తుకొచ్చింది. ఆయన గోడకు చేతులానించి నిలబడ్డారు. ఎగిరెగిరి పడుతున్న ఆయన వీపు చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

ఆ సాయంత్రమే దర్జీ ఆయన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని సర్కారు దవాఖానకు తీసుకెళ్లాడు. టీబీ అన్నారు. క్రమం తప్పకుండా మందులు వాడాలని, చాలా నెలలు పాడకూడదని, రోజూ గుడ్డు తినాలని డాక్టరు చెప్పాడు. సారు మొదటి రెండింటికీ ఒప్పుకున్నారు.

"గుడ్డు మా ఇంటావంటా లేదండీ."

"ఫికర్ జెయ్యకుండ్రి సార్" అన్నాడు దర్జీ. "మందుగోళీ అనుకోండ్రి. జర పెద్దగున్నది, అంతే."

గుడ్లు మా ఇంట్లో ఉడికేవి. బాపు డ్యూటీకి పోతూ ఇచ్చి పోయేవాడు. సారు తన జబ్బు సంగతి ఇంటికి రాశారు. గుడ్డు సంగతి రాయలేదు.

ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు చెప్పాక ఆయన మళ్లీ కళాశాలకు వచ్చారు. ఎందుకైనా మంచిదని తాను వసారాలో కూర్చుని, మమ్మల్ని గదిలో కూర్చోబెట్టేవారు. ఆయన గుసగుసగా చెప్పింది దర్జీ బిడ్డ పాడి వినిపించేది, ఆమె వెనక మేం పాడేవాళ్లం. తప్పు పోతే వేలు ఎత్తేవారు. కొత్త కృతులు అలా బాగానే వచ్చాయి. పాతదే కష్టమైంది. దగ్గు తీసేసిన చోట గొయ్యి పడినట్టయింది. అందరం వరసగా అందులో పడేవాళ్లం. మృదంగం అతని చేయి దానంతటదే లేచేది.

చివరికి సారు విసిగిపోయి, "అక్కడ ఊపిరి తీసుకోండర్రా. నాకు చేతకానిది అదే" అన్నారు.

అప్పుడు కుదిరింది.

సారు కోలుకున్నారు. గొంతు మునుపటంత పైకి వెళ్లేది కాదు గానీ, బుగ్గలు వచ్చాయి. సొంత జిల్లాకు బదిలీ అయితే, సామాను సర్దడానికి ఆయన భార్య వచ్చింది. సెలవు తీసుకోవడానికి మా ఇంటికొచ్చి, "ఏం పెట్టారమ్మా ఈయనకి, ఇంతలా తేరుకున్నారు?" అని మా అమ్మను అడిగింది.

"పప్పేనమ్మా" అంది అమ్మ.

సారు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

కొన్నేళ్లకు దర్జీ బిడ్డకు తిరుమలగిరి వైపు ఒక బడిలో సంగీతం టీచరుగా ఉద్యోగం వచ్చింది. నేను అప్పటికి పెళ్లయి నల్లగొండలో ఉన్నాను. నా పాట వంటింటి దాకానే మిగిలింది. ఒకసారి ఆమెను చూడటానికి వెళ్లి, తరగతి అయ్యేదాకా వరండాలో నిలబడ్డాను. నాతో ఎప్పుడూ "ఏం పిల్లా, మంచిగున్నవా" అని మాట్లాడే మనిషి, లోపల పిల్లలతో, "ఏవిటర్రా ఆ అరుపులు? నెమ్మదిగా అనండర్రా!" అంటోంది. అలా అంటున్నట్టు తనకు తెలిసినట్టే లేదు.

ముందు వరుసలోంచి ఒక పిల్ల లేచి, "మేడం, అర్రా అంటే ఏంది?" అని అడిగింది.



"ఏమో, నాకు గూడ ఎర్కలే. కూసో, పాడు."