బలహీనపడిన తుఫాను, పాపన్నపేట దారిలో ధాన్యం

మాది మచిలీపట్నం. తుఫాను తీరం దాటి వాయుగుండంగా బలహీనపడిందని వార్త వస్తే మా ఇళ్లలో అందరం ఊపిరి పీల్చుకుంటాం. మొన్న నవంబరులో హైదరాబాదులో పని ముగించుకున్న నేను అదే వార్త విని, మెదక్ చర్చి, మంజీర నది పాయల మధ్య ఉన్న ఏడుపాయల గుడి చూసొద్దామని పొద్దున్నే జేబీఎస్‌లో బస్సెక్కాను. రెండున్నర గంటల ప్రయాణం.

చర్చి చూశాక ఇస్మాయిల్ అనే ఆటో డ్రైవర్ రానూపోనూ ఎనిమిది వందలకు ఏడుపాయలకు వస్తానన్నాడు. ఆయన పాపన్నపేట దగ్గర కౌలుకు వరి కూడా వేశాడు. దారిలో తన ధాన్యం దగ్గర ఆపాడు. రోడ్డు పక్కన కుప్ప, పైన టార్పాలిన్లు, అక్కడి మాటలో పట్టాలు. కప్పి ఉంచితే తేమకు మొలకలొస్తాయి, ఆరబోస్తే వాన భయం. ఏదీ తేల్చుకోలేక ఆయన భార్య రజియా అక్కడే నిలబడి ఉంది.

"మీరు సముద్రం దిక్కోళ్లు గదా సార్. జర చెప్పుండ్రి, వాన వస్తదా?" అని ఇస్మాయిల్ అడిగాడు.

"తీరం దాటేసింది కదండీ, బలహీనపడిపోయింది. ఇక భయం లేదు," అన్నాను, వాతావరణ శాఖ నా జేబులో ఉన్నట్టు.

రజియా ధాన్యం ఆరబోసి, టార్పాలిన్లు ఇంటికి తీసుకెళ్లింది. మేం మంజీర పాయల దగ్గర ఉండగానే వాన దంచేసింది. తిరిగి వచ్చేసరికి ధాన్యం నీళ్లలో ఉంది. ముగ్గురం చేతులతో ఎత్తినంత ఎత్తాం. చాలా వరకు కాలువ పాలైంది.

"పట్టాలు ఇంట్ల మడత పెట్టే ఉన్నయి," అంది రజియా, ఎవరివైపూ చూడకుండా.

"మీరేం జేస్తరు సార్, టీవీల గూడ గట్లనే చెప్పిండ్రు," అన్నాడు ఇస్మాయిల్. తిట్టినా బాగుండేది.

తిరుగు బస్సులో ఫోన్‌లో వెతికి చదివాను. తుఫానుకు బలం వెచ్చని సముద్రమే. నేల మీదికి రాగానే గాలి తగ్గుతుంది, మోసుకొచ్చిన తేమ మాత్రం లోపలి జిల్లాల్లో వానై కురుస్తుంది. నడి వానాకాలంలో పై గాలులు తుఫానులను అంతగా ఎదగనివ్వవు. బంగాళాఖాతంలో అవి బలపడేది ఎక్కువగా మే నెలలో, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రెండోది సరిగ్గా ఇక్కడి వరి కోతల కాలం. మాకు తుఫానంటే గాలి, గాలి తగ్గితే గండం గడిచినట్టే. ఇక్కడివాళ్లకు గండం అప్పుడే మొదలవుతుందని నాకు తెలియదు. ఆ తెలియదన్న మాటే అక్కడ అని ఉంటే ఎంత బాగుండేది!

ఆ నెలల్లో మెదక్ వెళ్లేవారు, తుఫాను బలహీనపడిందని విన్నా, ఆ జిల్లా వాన సూచన విడిగా చూసుకోండి. దారిలో రైతు ఎవరైనా అడిగితే అదే చూపించండి, మీ ధైర్యం మాత్రం చెప్పకండి.