మేము పూసిన సిమెంటు

ఆ పాత ఆంగ్లికన్ ప్రార్థనాలయంలో గంట కొట్టడం, బలిపీఠం మీద వస్త్రాలు మార్చడం, ఆ పూట పాడే కీర్తనల అంకెలు పలకకు తగిలించడం ఒకే మనిషి పని. ముప్ఫై ఎనిమిదేళ్లుగా అందరికీ ఆయన గంటాయనే. సాయంకాల ప్రార్థనకు ముగ్గురే వచ్చినా, పాస్టరుగారి మాటకు ప్రత్యుత్తరం ముందుగా ఆయన గొంతులోంచే వచ్చేది.

ఇప్పుడు ఉత్తరపు గోడ ఉబ్బి, దానిపై ఆనుకున్న కమాను పగిలింది. వయసు మీరడం వల్లే గోడ చెడిందని ఇంజనీరు తేలిస్తే కట్టడాన్ని కూల్చేస్తారు. వేరే కారణం ఉంటే బాగుచేయించే ఆశ ఉంది.

ఆ కారణం గంటాయనకు తెలుసు. పంతొమ్మిదేళ్ల కిందట గోడలో చెమ్మ ఊరుతుంటే చూడలేక, ఎవరినీ అడగకుండా నడుమెత్తు దాకా తానే సిమెంటు మెత్తాడు. సున్నంతో కట్టిన గోడ చెమ్మను బయటికి వదులుతూ బతుకుతుందనీ, సిమెంటు దాని ఊపిరి బిగబట్టేస్తుందనీ తెలిశాక కూడా ఎవరికీ చెప్పలేదు. దురుద్దేశం లేదు, తప్పు మాత్రం ఆయనదే.

"గోడకు పూసినట్టే ఇవాళ నోటికీ సిమెంటు పూసుకోండి," అంది భార్య, ఇంజనీరు వచ్చే రోజు ఉదయాన్నే. "ఒప్పుకుంటే మనకిచ్చిన ఈ వెనకగదీ పోతుంది. ఈ వయసులో తట్టాబుట్టా సర్దుకుని ఎక్కడికి పోదాం?"

"చెప్పకపోతే గుడే పోతుందే!"

"గుడికి దేవుడున్నాడు. నాకెవరున్నారు?"

మధ్యాహ్నం ఇంజనీరమ్మ వచ్చి గోడను సుత్తితో తట్టింది. డొల్ల చప్పుడు.

"తాతగారూ, ఈ సిమెంటు గోడ కట్టినప్పటి పూత కాదు. ఎవరు పూశారు?"

"మేము."

"మేమంటే? కమిటీవాళ్లా?"

ప్రతి ఆదివారం పాపపు ఒప్పుకోలు ప్రార్థనలో పదిమందితో కలిసి ఆయన పలికే మాట అది. ఆ 'మేము' చాటున ఆయన సిమెంటు ఇన్నేళ్లూ భద్రంగా దాక్కుంది.

"కాదమ్మా. నేనే. ఒక్కణ్ణే."

ఆమె పూత అంచున ఉలి ఆనించి నొక్కింది. పిడి దాకా దిగిపోయింది. లోపలి ఇటుక తడిపిండిలా రాలింది.

"ఐదేళ్ల ముందు చెప్పుంటే పూత తీసి ఆరబెట్టేవాళ్లం. ఇప్పుడు ఆ పూతే గోడను నిలబెడుతోంది. తీస్తే ఇవాళ కూలుతుంది, ఉంచితే రేపు."

ప్రార్థనాలయం తలుపుకు తాళం పడింది. సాయంకాల ప్రార్థన బయట మెట్ల మీదే జరిగింది. వెనకగదిలో భార్య ట్రంకుపెట్టె ఈడుస్తున్న చప్పుడు. పాస్టరుగారు తన వంతు మాట పలికి, కింది మెట్టు మీదున్న గంటాయన వైపు చూసి, ప్రత్యుత్తరం కోసం ఆగారు.

ఎవరూ పలకలేదు.