రాణి సమాధికి మా బావతో

మా బావకు అరబీ వచ్చు. ఈజిప్టులో నేను పడిన ప్రతి అవస్థా అక్కడే మొదలైందని ఇప్పటికీ అంటాను.

బావ అంటే మా అక్క భర్త. చాలా ఏళ్లు గల్ఫ్‌లో క్రేన్ నడిపి వచ్చి, పాశమైలారంలో వరసగా రేకుల గదులు కట్టి, ఫ్యాక్టరీల్లో పనిచేసే బీహారు, ఒడిశా వాళ్లకు కిరాయికి ఇస్తున్నాడు. మనిషి మంచివాడు. చుట్టాల్లో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా ముందు వచ్చి ఆగేది ఆయన కారే. కాని ఆయన ఉన్నచోట ఇంకొకరికి నోరు విప్పే సందు దొరకదు.

నిజానికి ఆ ప్రయాణం నాది. నేను పటాన్‌చెరులో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్ని. మావారు ఒక మందుల కంపెనీలో బాయిలర్ల మెయింటెనెన్స్ చూస్తారు. ఒక ఏడాది వాళ్లకు విదేశీ కస్టమర్లు ఎవరో పంపిన క్యాలెండరు ఇంటికి తెచ్చారు. అందులో ఒక పేజీ మీద ఈజిప్టు రాణి బొమ్మ ఉంది. ఆమె సమాధి గోడ మీద వేసిన బొమ్మట. తెల్లటి పల్చటి బట్టలు, తల మీద రాబందు రెక్కల కిరీటం, ముందు చిన్న బల్ల, దాని మీద పావులు. రాణి ఒక్కతే కూర్చుని ఆడుకుంటోంది. ఎదురుగా ఎవరూ లేరు. గడ్డం నుంచి మెడ మీదికి దిగిన గీత ఒక్క ఊపులో గీసినట్టుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ గీత నాకు రాలేదు. నెల అయిపోయినా పేజీ తిప్పలేదు. ఇంద్రేశంలో కొత్త ఇంట్లోకి మారాక ఆ ఒక్క కాగితాన్ని వంటింటి గోడకు అంటించాను.

పెళ్లయి పాతికేళ్లు నిండినప్పుడు మావారు, "ఏం కావాల్నో చెప్పు" అన్నారు. గాజులంటాననుకున్నారు పాపం.

"ఆ గోడ కాడికి తీస్కపోండ్రి" అన్నాను.

ఆయన వంటింటి గోడకేసి చూశారు. అర్థమయ్యాక ఫోన్లో విమానం టిక్కెట్ల ధరలు వెతికారు. చివరికి సరేనన్నారు. అక్కడితో అయిపోతే బాగుండేది. కాని ఆదివారం సంగారెడ్డిలో చర్చి అయ్యాక మాటల్లో ఆ సంగతి మా బావ చెవిన వేశారు.

"టూరోళ్లు గీరోళ్లు ఎందుకు తమ్మీ? అరబీ రానోళ్లు ఆడికి పోతే నిలువునా మునుగుతరు. నేనున్న గద! మేమిద్దరం గూడ వస్తం."

"అన్న చెప్పింది కరెక్టే" అన్నారు మావారు. ఈ వాక్యం ఆ ప్రయాణంలో నేను ఎన్నిసార్లు విన్నానో!

కైరోలో దిగగానే బావ టాక్సీవాడితో అరబీ మొదలుపెట్టాడు. వాడు ఓపిగ్గా విని ఇంగ్లీషులో జవాబిచ్చాడు. హోటల్లో అడిగితే హోటలువాడూ ఇంగ్లీషే. మూడోవాడి దగ్గర బావకు కోపం వచ్చింది. "వీళ్లకు అరబీ సక్కగ రాదు" అని తేల్చేశాడు. పిరమిడ్లు చూపించి, బైబిల్లో యోసేపు కరువు కోసం ధాన్యం దాచిన కొట్లు ఇవేనన్నాడు. మ్యూజియంలో కనిపించిన ప్రతి రాజు విగ్రహం ముందూ ఆగి, "మోషేను తరిమింది ఈడే" అన్నాడు. బైబిలు నేనూ చదివినదాన్నే. అందులో తన జనాన్ని తీసుకుని ఈజిప్టు వదిలిన మోషేను తరిమింది ఒక్క రాజే. పాపం ఇంతమంది తరిమారని నాకు తెలియదు.

రైల్లో, సమాధులున్న లక్సర్ చేరాం. రాణి సమాధికి వెళ్లాల్సిన రోజు పొద్దున అక్క దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకుంది.

"లే అక్కా, టైమైతుంది."

"నేను రాను. ఆయనతోని ముప్పై ఏండ్ల సంది తిరుగుతున్న. ఇయ్యాల ఏసీల పండుకుంట. నువ్వు పోయిరా."

"నీ మొగుడ్ని నా మీదికి తోలుతున్నవా?"

"ఒక్క పూటనే గద" అంది దుప్పటి లోపలి నుంచి. ఎంత బతిమాలినా, దుప్పటి లాగినా కదలలేదు.

పడవలో నైలు దాటి అవతలి ఒడ్డున కారు మాట్లాడుకున్నాం. ఆ డ్రైవరు మమ్మల్ని సమాధుల దగ్గరికి కాకుండా తిన్నగా వాళ్ల బంధువు రాతిబొమ్మల దుకాణానికి తీసుకెళ్లాడు. "చూడండి చాలు, కొనక్కర్లేదు" అన్నాడు. ఆ దుకాణదారు గల్ఫ్‌లో బావ ఉన్న ఊళ్లోనే ఒకప్పుడు పనిచేశాడట. ఇంకేముంది, టీలు వచ్చాయి, కుర్చీలు వచ్చాయి. ఏ క్యాంపులో ఎవరున్నారు, ఏ మెస్సులో చేప బాగుండేది అని ఇద్దరూ తలా ఒక భాషలో మాట్లాడుకుంటూ కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడి పైకెక్కుతున్న ఎండను చూస్తున్నాను.

"ఇగ పోదాం బావా" అన్నాను.

"టీ మధ్యల లేస్తె ఈళ్లు ఏమనుకుంటరు మర్దలా?"

మావారి వైపు చూశాను. ఆయన ఫోన్లో ఉన్నారు. ప్లాంటులో ఒక బాయిలర్ ఆగిపోయిందట. "ఫీడ్ పంపు చూడండ్రి, ముందు పంపు చూడండ్రి" అని అక్కడి నుంచే నడుపుతున్నారు.

ఆ తర్వాత టిక్కెట్లు. నేను అడుగుతానన్నా వినకుండా బావ కౌంటరు దగ్గరికెళ్లి అరబీలో ఏదో చెప్పి టిక్కెట్లు పట్టుకొచ్చాడు. వాటితో కొండల మధ్య చాలా దూరం వెళ్లి, దుమ్ములో దిగి, గేటు దగ్గర చూపిస్తే అక్కడివాడు తల అడ్డంగా ఊపాడు. ఇది రాజుల లోయ. రాణుల లోయ వేరే వైపు. పైగా ఆ రాణి సమాధికి విడిగా టిక్కెట్టు కొనాలి.

బావ తిరిగొచ్చి, "రాణి ఈడ లేదంట" అన్నాడు, ఆమె ఏదో సంతకు వెళ్లినట్టు.

"కౌంటర్ల మీరేం అడిగిండ్రు?"

"సమాధి అన్న. ఇవి గూడ సమాధులే గద!"

"అన్న చెప్పింది..." అని మావారు మొదలుపెట్టి నా ముఖం చూసి ఆపేశారు.

మళ్లీ కౌంటరుకు వచ్చాం. ఈసారి లైన్లో నేనే నిలబడ్డాను. రాణి సమాధి చేరేసరికి సగం రోజు గడిచిపోయింది. గేటు దగ్గర కాపలాదారు టిక్కెట్లు చూసి, లోపల పది నిమిషాలే ఉండనిస్తామన్నాడు. మనుషుల ఊపిరి తేమకు రంగులు పాడవుతాయట. నాకు అది న్యాయంగానే తోచింది. కాని ఆ పది నిమిషాలు మా బావతో పంచుకోవాలి.

మెట్లు దిగి లోపలికి అడుగుపెట్టాను. మొదట కనిపించింది పైకప్పు. ముదురు నీలం, దాని మీద దగ్గర దగ్గరగా పసుపుపచ్చ చుక్కలు. కింద గోడలు తెల్లగా, నిన్న సాయంత్రమే పనిచేసి బ్రష్షులు కడుక్కుని వెళ్లిపోయినంత తాజాగా ఉన్నాయి. ఎడమవైపు తిరిగాను. బల్ల ముందు రాణి. అదే బొమ్మ. నేను ఒక్క అడుగు ముందుకు వేశానో లేదో మా బావ వచ్చి సరిగ్గా దాని ముందు నిలబడ్డాడు.

"తమ్మీ, ఒక్క ఫోటో తియ్యి!"

మావారికి వినపడలేదు. లోపల సిగ్నల్ అందడం లేదు. ఆయన ఫోనును చేయెత్తి ఆ నీలం పైకప్పు కింద అటూ ఇటూ తిప్పుతున్నారు. "కట్టయింది... ప్లాంటుల ఏమైతుందో ఏమో" అని గొణుక్కుంటున్నారు.

"బావా, జెర జరుగుండ్రి" అన్నాను.

"ఒక్క నిమిషం మర్దలా, బొమ్మ మొత్తం రావాలె." తన ఫోను లోపలి కాపలాదారు చేతిలో పెట్టి, నడుము మీద చెయ్యి పెట్టుకుని ఒకటి, చేతులు కట్టుకుని ఒకటి దిగాడు. తర్వాత వెనక్కి తిరిగి బొమ్మను చూశాడు. "ఏందిది, మన పచ్చీసు ఆటనే గద! ఈళ్లు మన కాడనే నేర్సుకున్నరు." ఆ మాట ఆ చిన్న గదిలో గంటలా మోగింది. పక్కనున్న విదేశీ జంట మా వైపు చూశారు. బావ వాళ్లనూ వదల్లేదు, "ఇండియన్ గేమ్, ఇండియన్ గేమ్!" అన్నాడు. ఆ తర్వాత కాపలాదారును పిలిచి, ఈ రాణి మొగుడేనా మోషేను తరిమింది అని అరబీలో విచారణ మొదలుపెట్టాడు.

నాకు ఏమైందో తెలియదు. గొంతు దానంతటదే లేచింది.

"బయటికి పోండ్రి! ఇద్దరు!"

బావ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. మావారు ఫోను దించారు.

"నేనేం చేసిన?" అన్నారు.

"మీరు గూడ. మీద సిగ్నల్ ఉంటది. పోండ్రి."

కాపలాదారుకు తెలుగు రాకపోయినా సంగతి అర్థమైనట్టుంది. చేత్తో మెట్లు చూపించాడు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, బడిలో టీచరు బయట నిలబెట్టిన పిల్లల్లా ఎక్కి వెళ్లిపోయారు. హమ్మయ్య అనుకునేలోపే ఆ కాపలాదారు టార్చి వెలిగించుకుని నా పక్కకు వచ్చాడు. "మేడమ్, స్పెషల్, కమ్" అంటూ ఏదో మూలకు రమ్మన్నాడు. ఆ టార్చి వెనక బక్షీసు కోసం చాచే చెయ్యి ఉంటుందని నాకు తెలుసు, నాలుగు రోజులుగా చూస్తున్నాను. "నో" అన్నాను. నా గొంతు ఇంకా దిగలేదు కాబోలు, టార్చి ఆర్పి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

అప్పుడు చూశాను. శాంతంగా చూశానని చెప్పలేను. అయినా చూశాను. క్యాలెండరులో కనబడనిది ఒకటి అక్కడ ఉంది. రాణి బుగ్గ మీద సన్నగా ఎరుపు అద్ది, అంచుల వైపు పల్చబరిచారు. పక్కన మిగతా బొమ్మలన్నీ ఒకే రంగు పూసి వదిలేసినవి. ఆమె ముఖం మాత్రం గుండ్రంగా, రక్తం ఉన్న మనిషి ముఖంలా ఉంది. గడ్డం కింది గీత నేను అనుకున్నట్టే ఒక్క ఊపుది. నా చూపుడు వేలు గాల్లో దాని వెంట రెండు మూడుసార్లు పోయింది. పావు పట్టుకున్న చెయ్యి దగ్గర ఇంకాస్త ఆగి చూశాను.

అక్కడి నుంచి పక్క గదికి వెళ్లాను. ఒక దేవత రాణి చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. కింద అసలు శవపేటిక ఉంచిన గదికి ఇంకో మెట్లదారి ఉంది. సగం మెట్లు దిగేసరికి కాపలాదారు పైనుంచి తన గడియారం మీద తట్టి చూపించాడు. కింద నాలుగు స్తంభాలు కనిపించాయి. వాటి మీది బొమ్మల్లో పాదాలు మాత్రం చూడగలిగాను. ముఖాలు చూడాలంటే ఇంకో నాలుగు మెట్లు దిగాలి. దిగనివ్వలేదు. రాణి బొమ్మ ముందు మా బావ దిగిన ఫోటోలు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

బయట వాళ్లిద్దరూ గోడ నీడలో కూర్చున్నారు. మావారు నీళ్ల సీసా అందించారు. బాయిలర్ నడుస్తోందా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. బావ చెప్పులతో ఇసుకను గీకుతున్నాడు.

"మంచిగ సూసినవా మర్దలా?"

"సగం సూసిన."

"నేను అసలే సూడలే" అన్నాడు మెల్లగా. ఆ ముఖం చూసి ఒక క్షణం జాలేసింది. అంతలోనే, "గని ఆ కాపలాయన మాటలు విన్నవా? ఒక్క ముక్క సక్కగ లేదు..." అని మొదలుపెట్టాడు. కారు దాకా, పడవ దాకా, హోటలు దాకా అదే.

సాయంత్రం అక్కను తీసుకుని నది ఒడ్డుకు వెళ్లాను. మగవాళ్లను రావద్దన్నాం. జరిగింది చెబితే అక్క నవ్వలేక పొట్ట పట్టుకుంది.

"ముప్పై ఏండ్లల నాకు గా మాట రాలే. నీకు ఒక్క పూటల వచ్చింది!"

"ఊకో అక్కా, నా కడుపు మండుతుంటె నీకు నవ్వులాట."

"సరే, ఇగ లోపల ఏముండెనో చెప్పు."

చెప్పాను. పైకప్పు, చుక్కలు, బుగ్గ మీది ఎరుపు, చెయ్యి పట్టుకున్న దేవత, స్తంభాల కింద పాదాలు. అక్క ఒడ్డున కొన్న జామపండు తినడం ఆపేసి విన్నది. నేను ముగించాక మిగిలిన పండు నా చేతిలో పెట్టింది.

"రేపు నన్ను తీస్కపో."

"రేపు పొద్దుగాల్నే మన రైలు."

"మరి ముందే చెప్పొద్దా గింత మంచిగుంటదని?"

దేవుడా అనుకున్నాను. పొద్దున దుప్పటి లాగీ లాగీ నా చేతులు నొప్పి పుట్టాయి. ఆ మాటే అన్నాను. అక్క పట్టించుకోలేదు.

"మల్ల మొదటి గోడ కాంచి చెప్పు. జెర మెల్లగ" అంది.

మావారు దూరంగా హోటలు గేటు దగ్గర నిలబడి, అన్నానికి టైమైందని చెయ్యి ఊపుతున్నారు. ఆగమని చెయ్యి చూపించి, మెట్లు దిగిన దగ్గర నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను.