ప్రసన్న తినని తిండి

రండి, దగ్గరగా జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, తొలకరి చినుకులు పడుతున్న రోజుల్లో రాజోలులో ఒక ఇంటికి పనికి కుదిరాను. నా పని బాలింతలకూ పసిపిల్లలకూ నీళ్ళు పోయడం. మాది మామిడికుదురు దగ్గర. పొద్దున్నే ఆటో ఎక్కి పిలిచిన ఇంటికి వెళతాను. పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోస్తాను. ఆ తరవాత తల్లికి ఒళ్ళు పడతాను. పత్యం వండేవాళ్ళు లేకపోతే అదీ నేనే చూస్తాను. కాన్పులన్నీ ఆసుపత్రులకు పోయాయి గానీ, ఇంటికి వచ్చాక జరగాల్సిన పని ఇంకా మాలాంటి వాళ్ళదే.

ఆ ఇల్లు రూతమ్మ టీచరుగారిది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఊళ్ళో చాలామంది ఆవిడ దగ్గర చదివినవాళ్ళే. నన్ను తీసుకెళ్ళే ఆటో అబ్బాయి ఆ వీధి మలుపు తిరగ్గానే పాట ఆపేసి, చొక్కా గుండీలు పెట్టుకునేవాడు. భర్త పోయాక ఆవిడ ఒక్కతే కూతురిని పెంచి, చదివించి, పెళ్ళి చేశారు. ఆ కూతురే ప్రసన్న. అల్లుడు సుధీర్‌గారు రామచంద్రపురంలో కాలేజీ లెక్చరరు. ఆదివారం ఆరాధనకు వచ్చి, బిడ్డను చూసుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవారు.

ప్రసన్నకు కడుపుతో ఉండగానే షుగరు బయటపడింది. ఇలా గర్భిణులకు వచ్చేదాన్ని జెస్టేషనల్ డయాబెటిస్ అంటారు. ఎక్కువ మందికి కాన్పుతోనే పోతుంది. అమలాపురంలో చూసిన డాక్టరుగారు కాన్పు దాకా ఇన్సులిన్ సూదులు ఇచ్చి, ఆడపిల్ల పుట్టాక ఆపించారు. కొన్నాళ్ళు పోయాక మళ్ళీ పరీక్ష చేయించమని చెప్పి పంపారు.

టీచరుగారికి కూడా ఎప్పటినుంచో షుగరు ఉంది. మాత్రలు వేసుకుంటూ, నోరు కట్టుకుంటూ దాన్ని అదుపులో పెట్టుకున్నారు. వంటింట్లో పప్పు డబ్బాల పక్కనే షుగరు చూసుకునే మెషిను ఉండేది. వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్క పట్టీకి తాకిస్తే నంబరు చూపిస్తుంది.

"దీన్ని చూసి భయపడక్కర్లేదు వెంకాయమ్మా," అనేవారు నాతో. "క్లాసు టీచరు లాంటిది. బుద్ధిగా ఉన్నవాళ్ళని ఏమీ అనదు."

బాలింతకు పెట్టే కాయం బెల్లం, నెయ్యి, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు కలిపి ముద్దగా చేస్తాం. ఆ ఇంట్లో బెల్లం వెయ్యడానికి టీచరుగారు ఒప్పుకోలేదు. వట్టి ఘాటు మింగి ప్రసన్న కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. "మామ్మా, ఇది మందా, నా మీద కోపమా?" అని నవ్వేది. బాగా నవ్వే పిల్ల.

మళ్ళీ పరీక్ష చేయిస్తే షుగరు పోలేదని తేలింది. అమలాపురం నుంచి వచ్చి టీచరుగారే నాకు వివరంగా చెప్పారు. షుగరు రెండు రకాలట. టైప్ టూ అంటే ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పనిచెయ్యదు. పెద్దవాళ్ళకూ లావుపాటి వాళ్ళకూ ఎక్కువగా వచ్చేది అది. మాత్రలకూ పత్యానికీ లొంగుతుంది. టైప్ వన్ అంటే అసలు ఇన్సులినే తయారు కాదు, సూదులతోనే బతకాలి. "తల్లికి ఉంది కాబట్టి అమ్మాయికీ టైప్ టూ అయి ఉంటుంది, మాత్రలు మొదలుపెడదాం," అన్నారట డాక్టరుగారు. వెంటనే ఇంకో మాట కూడా అన్నారట. "కానీ వయసు చిన్నది, మనిషీ సన్నం. నెల చూద్దాం. తగ్గకపోతే ఏ రకమో తేల్చుకోవడానికి వేరే పరీక్షలు చెయ్యాలి."

ఆ రెండో మాట టీచరుగారి మనసుకు ఎక్కలేదు. తనకున్న జబ్బే కూతురికీ వచ్చింది, తను లొంగదీసిన పద్ధతిలోనే కూతురిదీ లొంగదీయాలి, అంతే. అన్నం తగ్గించారు. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం పిడికెడు అన్నం, ఎక్కువ కూర, మళ్ళీ సాయంత్రానికి ఒక పుల్కా. అయినా మెషిను నంబరు దిగలేదు. అక్కడి నుంచి ఆ ఇంట్లో మాట తీరు మారిపోయింది.

ఒకరోజు పాపకు నలుగు పెడుతున్నాను. వంటింట్లోంచి మాటలు వినబడ్డాయి.

"ఏం తిన్నావే?"

"నువ్వు పెట్టిందే తిన్నానమ్మా."

"నేను పెట్టింది తింటే ఇంత ఎందుకొస్తాది?"

"నాకేం తెలుసు?"

"మెషినుకి నీ మీద పగా? నాకు చూస్తే నూట ఇరవై, నీకు చూస్తే మూడొందలా?"

ముందురోజు చర్చి నుంచి వచ్చిన ఒకావిడ పాపను చూసి పూతరేకుల పెట్టె ఇచ్చి వెళ్ళింది. టీచరుగారు ఆ పెట్టె తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. ప్రసన్న ఆ తాళం వైపు ఒకసారి చూసింది. పాప దగ్గరకు వచ్చి కూర్చుని, దాని పాదం పట్టుకుంది.

"తినకపోయినా తిన్నావంటున్నారు మామ్మా. ఆ తినేదేదో తినేసినా సరిపోయేది."

"అమ్మ కదా తల్లీ, భయం కొద్దీ అంటున్నారు," అన్నాను.

"ఆయ్, భయమే. దొంగంటే ఉండే భయం," అంది.

ఒళ్ళు పడుతుంటే వెన్నుపూసలు నా చేతికి తగిలేవి. చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగి మళ్ళీ చెంబు చాపేది. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువేలే అని అందరం అనుకున్నాం. ఇరుగు పొరుగు ఆడవాళ్ళు వచ్చి బుగ్గలు నొక్కుకునేవారు. "కాన్పయ్యాక మేమంతా గుమ్మం పట్టనంత అయ్యేం. నువ్వేంటమ్మా పెళ్ళికూతురులా తయారయ్యేవు? ఆ కిటుకేదో మాకూ చెప్పు," అని ఒకావిడ అడిగితే, "మా అమ్మ దగ్గర ట్యూషను పెట్టించుకోండి పిన్నిగారూ," అంది ప్రసన్న. అందరూ నవ్వారు. టీచరుగారు కూడా నవ్వారు. కూతురు సన్నబడుతోంది కాబట్టి దారిలోనే ఉన్నాం అనుకున్నారు ఆవిడ.

డాక్టరుగారు రమ్మన్న రోజు దగ్గరపడింది. ఇక్కడ జరిగిందే అసలు పొరపాటు. ఇది ఒక్క ఆ ఇంట్లోనే జరగలేదు. నేను పనిచేసిన చాలా ఇళ్ళలో చూశాను. పరీక్షకు వెళ్ళే ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుంటారు. డాక్టరు దగ్గర మంచి నంబరు రావాలని, ఆయన చేత చీవాట్లు తినకూడదని. టీచరుగారు కూడా అదే చేశారు. "రేపు మనం తలెత్తుకుని వెళ్ళాలి," అని కూతురికి మజ్జిగ, కీరదోస ముక్కలు తప్ప ఇంకేమీ పెట్టలేదు. పరగడుపున రక్తం ఇస్తే నంబరు నిజంగానే దిగి వచ్చింది. డాక్టరుగారు సంతోషించి, అవే మాత్రలు కొనసాగించమన్నారు. వేరే పరీక్షల మాట ఆ రోజు రాలేదు. ఇంట్లో రోజూ ఎంత చూపిస్తోందో టీచరుగారు చెప్పలేదు. కూతురు దొంగతిండి తింటోందని బయటివాళ్ళ ముందు ఎలా చెబుతారు?

తిరిగొచ్చి, "చూశావా, తినకపోతే తగ్గింది," అన్నారు.

ప్రసన్న అప్పటినుంచి వాదించడం మానేసింది. నిజంగానే తనకు తెలియకుండా ఏదో తింటున్నానేమో అన్న అనుమానం ఆ పిల్లకే వచ్చింది. "మామ్మా, పచ్చి కొబ్బరి ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాను, దానికే అంటావా?" అని అడిగింది ఒకసారి.

తరవాతి పరీక్ష ముందు మళ్ళీ ఉపవాసం మొదలైంది. ఈసారి అమ్మ చెప్పకముందే ప్రసన్నే పళ్ళెం పక్కకు నెట్టేసింది. రెండో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి పాప ఏడుస్తోంది. ప్రసన్న మంచం అంచున వంగి వాంతి చేసుకుంటోంది. ఊపిరి, ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చిన మనిషిలా లోతుగా తీస్తోంది. దగ్గరకు వెళితే నోటి నుంచి మగ్గిన పండు వాసన.

"గ్యాసు," అన్నారు టీచరుగారు. "సోడా తాగితే సర్దుకుంటాది."

"సర్దుకునేలా లేదండీ టీచరుగారూ. పిలుస్తుంటే పలకడం లేదండి."

ఆ మాటకు ఆవిడ కూతురి ముఖం సరిగ్గా చూశారు. పరుగున వెళ్ళి పక్కింటి తలుపు కొట్టారు. పక్కింటివాళ్ళ కారులో అమలాపురం బయలుదేరాం. వెనక సీట్లో ప్రసన్న తల టీచరుగారి ఒళ్ళో ఉంది, నా ఒళ్ళో పాప. దారిపొడుగునా కొబ్బరి తోటలు, కాలవ. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన బయటకు వినబడటం లేదు.

డాక్టరుగారు చూసి, మూత్రం పరీక్ష చేయించారు. కీటోన్స్ అన్నారు. ఒంట్లో ఇన్సులిన్ లేకపోతే తిన్నది వంటబట్టదట. అప్పుడు ఒళ్ళు తన కొవ్వునే కాల్చుకుంటుందట. ఆ కాల్చిన దాంట్లోంచి పుట్టే పులుపు రక్తాన్ని విషం చేస్తుందట.

"ఏం తింది అమ్మా?"

"ఏమీ తినలేదండి. రెండు రోజులై," అన్నారు టీచరుగారు.

"ఎందుకని?"

"మీ దగ్గరకు రావాలి కదండీ."

డాక్టరుగారు పాత చీటీ తీసి చూశారు. "ఇంతకుముందు వచ్చినప్పుడు కూడా ఇలాగే తీసుకొచ్చేరా?"

"ఆయ్."

"అయ్యో," అన్నారాయన. "ఆ నంబరు చూసి నేను నమ్మేనండి."

కాకినాడ పెద్దాసుపత్రికి అంబులెన్సులో పంపారు. సుధీర్‌గారు రామచంద్రపురం నుంచి నేరుగా అక్కడికి వచ్చారు. నేను పాపతో ఇంటికి తిరిగొచ్చేశాను. డబ్బా పాలు కలిపి చెంచాతో పోస్తే మొదట ఉమ్మేసింది, ఆకలికి తట్టుకోలేక తరవాత తాగింది. ప్రసన్న ఐసీయూలోంచి బతికి బయటపడింది, దేవుడి దయ. కానీ ఇంటికి వచ్చేసరికి పాలు ఎండిపోయాయి. పాపను రొమ్ముకు ఆనిస్తే అది ముఖం తిప్పేసుకుంది. ప్రసన్న జాకెట్టు సర్దుకుని, "పోనీలే మామ్మా, దానికి కడుపు నిండితే చాలు," అంది.

ఏ రకమో తేల్చడానికి రక్తం పట్నం లాబుకు పంపారు. యాంటీబాడీ పరీక్ష అని ఒకటి. ఒళ్ళు తన ఇన్సులిన్ తయారయ్యే చోటునే శత్రువనుకుని కొట్టేస్తోందా అని చూస్తుంది. ఇంకోటి, ఒళ్ళు ఇంకా ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో చూస్తుంది. రిపోర్టు వచ్చిన రోజు సుధీర్‌గారు లేరని నన్ను తోడు తీసుకెళ్ళారు. అమలాపురం డాక్టరుగారు కాగితాలు రెండుసార్లు చదివారు.

"టైప్ వన్ అని గట్టిగా అందామంటే కొంచెం తయారవుతోంది. టైప్ టూ అందామంటే అసలు పోలిక లేదు. పెద్దయ్యాక మెల్లగా వచ్చే టైప్ వన్ ఒకటుంది, అదే అనుకుంటున్నాను. ఏడాది పోతే గానీ చెప్పలేను. పేరు ఏదైనా ఇన్సులిన్ మాత్రం ఆపొద్దు."

"పాపకు వస్తాదాండీ?" అని ప్రసన్న అడిగింది.

"చెప్పలేమమ్మా. రాకపోవడానికే ఎక్కువ అవకాశం."

టీచరుగారు కుర్చీ అంచుకు జరిగి అడిగారు. "డాక్టరుగారూ, ఇది అమ్మాయి తినడం వల్ల వచ్చింది కాదాండీ?"

"కాదండి. తినడానికీ దీనికీ సంబంధం లేదు. తినకుండా ఉంటే రెండు రోజులు నంబరు దిగినట్టు కనబడుతాది గానీ, జబ్బు లోపల పెరుగుతూనే ఉంటాది."

ఆవిడ తల ఊపారు. కూతురి వైపు తిరగబోయి ఆగిపోయారు. ప్రసన్న కిటికీలోంచి బయటకు చూస్తోంది. జీవితమంతా పిల్లల తప్పులు దిద్దిన మనిషి, తన తప్పు దిద్దుకోవడానికి మాట దొరక్క ఆ గదిలో చేతిసంచి పట్టీని మడిచి, విప్పి, మళ్ళీ మడవడం చూశాను.

నెల తిరగకుండానే ప్రసన్న భర్త దగ్గరకు రామచంద్రపురం వెళ్ళిపోయింది. గొడవేమీ పడలేదు. సూదులు తనే వేసుకుంటుంది, కాస్త ఒళ్ళు చేసింది, కాన్పుకు ముందు చేసిన బడి ఉద్యోగానికి మళ్ళీ వెళుతోంది. రెండో బిడ్డ సంగతి ఎవరూ ఎత్తరు.

పాప ఇప్పుడు బడికి వెళుతోంది. మొన్న వేసవిలో తల్లీకూతుళ్ళు వచ్చారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. టీచరుగారు చింతచిగురు, రొయ్యలు వండారు. ప్రసన్నకు చిన్నప్పటి నుంచి ఇష్టమైన కూర. ప్రసన్న పళ్ళెంలో అన్నం కూడా కొలత లేకుండా పెట్టారు. పాప కూర్చుని వేళ్ళు నాక్కుంటూ తింది.

"నువ్వూ కూర్చోవే," అన్నారు టీచరుగారు.

"తిని వచ్చేనమ్మా."

"కొంచెం."

"ఇప్పుడే తిన్నానమ్మా. కడుపులో చోటు లేదు."

నవ్వుతూనే అంది. ఎప్పుడు వచ్చినా అదే మాటట. ఆ ఇంట్లో మంచినీళ్ళు తప్ప ముట్టదట. వాళ్ళు బస్సెక్కాక టీచరుగారు ఆ పళ్ళెం మీద మూత పెట్టి, నా పక్కన వచ్చి కూర్చున్నారు.

"తిని రాలేదు వెంకాయమ్మా. బస్సు దిగి నేరుగా వచ్చేరు, పాప చెప్పింది. అయినా దాని మాట నమ్మినట్టే ఊరుకుంటున్నాను. తినలేదన్న రోజున నమ్మాల్సింది."

ఆ పళ్ళెం నేనే తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాను.

అప్పటినుంచి ఏ ఇంట్లో పనికి కుదిరినా, కడుపుతో ఉండగా షుగరు వచ్చిందా అని ముందే అడుగుతున్నాను. వచ్చిందంటే, కాన్పయ్యాక మళ్ళీ చూపించుకోండమ్మా అని చెబుతాను. డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు రోజు కూడా మామూలుగానే తిని వెళ్ళమంటాను. మెషిను నంబరు ఇంట్లో ఎంత వస్తే అంతే చెప్పమంటాను, సిగ్గుపడొద్దంటాను. బాలింత దాహమంటే నీళ్ళిచ్చి ఊరుకోకండి, ఎందుకింత దాహమో అడగండి. మందు పనిచెయ్యకపోతే ముందు మందును అనుమానించండి, మనిషిని తరవాత.

పొద్దుపోయింది, మీకూ ఇంట్లో పనులుంటాయి. మీ ఇంట పుట్టిన బిడ్డలు తల్లి పాలు తృప్తిగా తాగాలి. మీ ఇంటి ఆడపిల్ల తిన్నానన్నా తినలేదన్నా ఆ మాట మీ గడపలో చెల్లాలి. మీ పళ్ళేల చుట్టూ ఎప్పుడూ అందరూ కలిసి కూర్చోవాలి. చల్లగా ఉండండి.